రీడ్‌మీలో, యూజర్ గైడ్‌లో జిఫ్‌లు: పెట్టాలా, వద్దా?

నీలిపేజీ

అందరికీ నమస్కారం.

ఫైళ్ల పేర్లను గుత్తగా మార్చే చిన్న ఓపెన్ సోర్స్ టూల్ ఒకటి మేం కొంతమందిమి కలిసి చూసుకుంటున్నాం. టెర్మినల్‌లో నడుస్తుంది, కావాలంటే విండో కూడా తెరుచుకుంటుంది. డాక్యుమెంటేషన్, అంటే ప్రాజెక్టు మొదటి పేజీ అయిన రీడ్‌మీ, యూజర్ గైడ్, దాదాపు అంతా టెక్స్టే. అక్కడక్కడా స్క్రీన్‌షాట్లు ఉన్నాయి, అవీ పాత వెర్షన్‌వి.

మొన్న ఒక కొత్త కంట్రిబ్యూటర్ 11 జిఫ్‌లతో (కదిలే బొమ్మలు) పుల్ రిక్వెస్ట్, అంటే మా ప్రాజెక్టులో చేర్చమని మార్పులు, పంపారు. ఇన్‌స్టాల్ దగ్గర్నుంచి అన్‌డూ దాకా పనికొకటి. శ్రద్ధగా చేశారు, చూడముచ్చటగా ఉన్నాయి. అన్నీ కలిపితే 60 ఎంబీ దాటాయి. మా కోడ్ మొత్తం, చరిత్రతో సహా, 4 ఎంబీ ఉండదు.

మాలో మాకే కుదరడం లేదు. ఒకరు "బొమ్మ కదిలితేనే జనం ఆగి చూస్తారు" అంటారు. ఇంకొకరు "డాక్స్ చదవడానికి, చూడ్డానికి కాదు" అంటారు. కష్టపడి చేసిన మనిషిని నిరుత్సాహపరచడం ఎవరికీ ఇష్టం లేదు. మీ ప్రాజెక్టుల్లో ఎలా చేస్తున్నారో చెప్పండి.

---

కమాండ్‌లైన్_కిట్టు

ముందు ఆ మెర్జ్ (మార్పులను చేర్చుకునే) బటన్‌కి దూరంగా ఉండండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

టెక్స్ట్ ఫైల్లో ఒక లైను మారితే, మార్పుల చరిత్రను దాచే గిట్ ప్యాక్ చేసేటప్పుడు ఆ తేడా మాత్రమే దాచుకోగలదు. జిఫ్ అలా కాదు, అది ముందే కుదించిన డేటా. మళ్లీ రికార్డ్ చేసిన ప్రతిసారీ దాదాపు ఫైలు మొత్తం కొత్తగా చేరుతుంది. రేపు బటన్ల రంగు మార్చారనుకోండి, 11 జిఫ్‌లూ మళ్లీ తీస్తారు, ఇంకో 60 ఎంబీ. పాతవి డిలీట్ చేసినా చరిత్రలో ఉంటాయి, క్లోన్ చేసే (మొత్తం కాపీ తీసుకునే) ప్రతివాళ్లూ వాటిని కూడా దించుకుంటారు. ఆ తర్వాత తీసేయాలంటే చరిత్రనే తిరగరాయాలి. కమిట్ హ్యాష్‌లు (ఒక్కో మార్పుకీ ఉండే గుర్తింపు సంఖ్యలు) మారిపోతాయి, ఫోర్క్‌లు (సొంత కాపీలు) పెట్టుకున్నవాళ్లంతా మిమ్మల్ని తిట్టుకుంటారు.

ఇంకో సంగతి. "సైజు తగ్గించి మళ్లీ పంపండి" అని అదే పుల్ రిక్వెస్ట్‌లో అడుగుతారు కదా. వాళ్లు ఇంకో కమిట్ పెడతారు. మామూలుగా మెర్జ్ చేస్తే మొదటి కమిట్‌లోని 60 ఎంబీ కూడా లోపలికి వచ్చేస్తుంది. స్క్వాష్ చేస్తేనే (కమిట్లన్నీ ఒకటిగా కలిపితేనే) చివరి రూపం ఒక్కటే మెయిన్ బ్రాంచ్‌కి చేరుతుంది.

---

రెండోట్యాబ్

నేను కోడ్ రాసేవాణ్ణి కాదు, వాడేవాణ్ణి. ఇటువైపు మాట కూడా వినండి.

కొత్త టూల్ పేజీ తెరవగానే నేను చూసేది ఒక్కటే, ఇది నాకు పనికొస్తుందా అని. "డిక్లరేటివ్ రూల్స్‌తో బ్యాచ్ రీనేమింగ్" అని రాసి ఉంటే నాకేం తెలుస్తుంది? గజిబిజి పేర్లున్న ఒక ఫోల్డర్, ఒక రూల్ టైప్ చేయగానే పక్కన కొత్త పేర్లు వరసగా రావడం, ఇది ఆరు సెకన్లు చూపించండి చాలు. వెంటనే ఇన్‌స్టాల్ చేసుకుంటాను, లేదా నాకు అక్కర్లేదని ట్యాబ్ మూసేస్తాను. రెండూ మీకు మంచివే.

కిట్టు గారు చెప్పిన గిట్ కష్టం నిజమే కావచ్చు. కానీ అది మీ కష్టం, నాది కాదు :)

---

పాతకోడ్

> అది మీ కష్టం, నాది కాదు

అద్భుతం. మ్యాన్ పేజీలు (టెర్మినల్‌లోని మాన్యువల్) చదివి పెరిగిన తరం అంతరించిపోతోంది.

---

సుజాత_డాక్స్

పాతకోడ్ గారూ, మ్యాన్ పేజీ చదివి టూల్ ఎంచుకునేవాళ్లు అప్పుడూ తక్కువే.

నేను డాక్యుమెంటేషన్ రాయడమే పనిగా పెట్టుకున్నదాన్ని. "యానిమేషన్ పెట్టాలా వద్దా" అని మొత్తానికి ఒకే జవాబు వెతికితే దొరకదు. ఒక్కో దాన్నీ పట్టుకుని అడగాలి: ఇందులో కదలిక తీసేస్తే పాఠకుడికి ఏదైనా తగ్గుతుందా? తగ్గకపోతే స్క్రీన్‌షాట్ చాలు. స్క్రీన్‌షాట్ తీసేసినా తగ్గకపోతే వాక్యం చాలు.

మెనూ తెరిచి "సెట్టింగ్స్" నొక్కడాన్ని యానిమేషన్‌గా చూపించేవాళ్లు చాలామంది. అందులో కదిలేది మౌస్ బాణం మాత్రమే. "ఫైల్ మెనూలో సెట్టింగ్స్ తెరవండి" అనే వాక్యాన్ని చదవడానికి రెండు సెకన్లు పట్టదు. అదే సంగతి జిఫ్‌లో ఎనిమిది సెకన్లు. పైగా మధ్యలో చూడ్డం మొదలుపెడితే తిరిగి మొదటికొచ్చేదాకా ఆగాలి. వెనక్కి జరపడానికి లేదు, ఆపడానికి లేదు. కమాండ్‌ని కాపీ చేసుకోవడానికీ లేదు.

మరోవైపు, ఒక రూల్‌ని లాగి ఇంకో రూల్ పైన వదిలితే వరస మారుతుందనుకోండి. ఎక్కడ పట్టుకోవాలి, ఎక్కడ వదిలితే గీత కనిపిస్తుంది, ఇదంతా మాటల్లో రాస్తే పేరా అవుతుంది, చదివినా సగం మందికి బోధపడదు. అక్కడ కదలికే సమాచారం.

పేజీ రకాన్ని బట్టి కూడా తేడా ఉంటుంది. డయాటాక్సిస్ పద్ధతిలో డాక్యుమెంటేషన్‌ని నాలుగుగా విడదీస్తారు: ట్యుటోరియల్, హౌ-టు, రిఫరెన్స్, వివరణ. రిఫరెన్స్ పేజీకి మనిషి ఒక ఆప్షన్ పేరు వెతుక్కుంటూ వస్తాడు. అక్కడ పక్కన ఏదో ఆడుతూ ఉంటే చిరాకు తప్ప ఉపయోగం లేదు. ట్యుటోరియల్‌లో మాత్రం "నాకూ ఇలాగే వచ్చిందా?" అని పోల్చుకోవడానికి పనికొస్తుంది.

మీ 11 ఏంటో చెప్పగలరా?

---

నీలిపేజీ

సుజాత గారూ, ఇవీ: రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లలో ఇన్‌స్టాల్, మొదటిసారి తెరవడం, భాష మార్చడం, ఫోల్డర్ ఎంచుకోవడం, రూల్ రాయడం (పక్కన ప్రివ్యూ మారుతూ ఉంటుంది), రూల్స్ వరస లాగి మార్చడం, టెర్మినల్‌లో ఉత్తుత్తి రన్, అసలు రన్, అన్‌డూ, చివరిగా అప్‌డేట్.

---

సుజాత_డాక్స్

నేనైతే ప్రివ్యూ మారేదీ, వరస లాగేదీ ఉంచుతాను. ఉత్తుత్తి రన్, అసలు రన్, అన్‌డూ మూడూ కలిపి టెర్మినల్‌లో ఒకటే చేయిస్తాను. "పేర్లు మారాయి, మళ్లీ పాతవి వచ్చేశాయి" అని కళ్లారా చూస్తేనే ఇలాంటి టూల్ మీద నమ్మకం కుదురుతుంది. ఫైళ్ల పేర్లు పోతాయేమోనన్న టెన్షన్ వాడేవాళ్లకి ఉంటుంది కదా.

మిగతావి వద్దు. ఇన్‌స్టాల్‌వి అయితే అసలు వద్దు. అక్కడ జనం కాపీ చేసుకోవడానికి వస్తారు.

---

వినిచదివేవాడు

నేను స్క్రీన్ రీడర్‌తో (తెర మీది టెక్స్ట్‌ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) చదువుతాను. మీరంతా కనబడేదాని గురించే మాట్లాడుతున్నారు కాబట్టి కల్పించుకుంటున్నాను.

జిఫ్ నాకు ఒక బొమ్మ. ఆల్ట్ టెక్స్ట్ (బొమ్మకి బదులు వినిపించే వివరణ) లేకపోతే "గ్రాఫిక్" అనో, ఫైలు పేరో వినిపిస్తుంది. "డెమో ఫైనల్ రెండు కొత్తది డాట్ జిఫ్" అని విన్న రోజులున్నాయి. ఆల్ట్ టెక్స్ట్ ఉన్నచోట్ల కూడా చాలావరకు "టూల్ ఎలా పనిచేస్తుందో చూపే యానిమేషన్" అని ఉంటుంది. సరే, ఎలా పనిచేస్తుంది మరి?

ఇరవై సెకన్ల పనిని ఆల్ట్ టెక్స్ట్‌లో కుక్కమని అడగడం లేదు. అది ఒకటే ముద్దగా వినిపిస్తుంది, మధ్యలో ఆపి వెనక్కి వెళ్లడం కష్టం. మెట్లన్నీ పేజీలోనే మామూలు టెక్స్ట్‌గా రాయండి. ఆల్ట్‌లో "పై మూడు మెట్లనూ చూపే యానిమేషన్, చివర్లో 12 ఫైళ్లకు కొత్త పేర్లు వస్తాయి" అంటే చాలు. వెబ్‌ని అందరూ వాడగలిగేలా చేసే డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాల్లో శబ్దం లేని వీడియో గురించి 1.2.1 అని ఒక నియమం ఉంది, కనీస స్థాయి అయిన లెవెల్ "ఏ" (A)లోనే. అదే సమాచారం ఇంకో రూపంలో కూడా ఉండాలంటుంది. పేజీలో మెట్లు పూర్తిగా రాసి ఉంటే, యానిమేషన్ వాటికి తోడు మాత్రమే అవుతుంది. అప్పుడు ఇబ్బంది లేదు.

జిఫ్ పెట్టారు కదా అని టెక్స్ట్ తీసేసే ప్రాజెక్టులు కొన్ని చూశాను. "కింద చూడండి" అని ఒక్క వాక్యం, దాని కింద ఒక జిఫ్. నా వరకు ఆ పేజీ ఖాళీ.

---

నిదానం

+1. నాది ఇంకో రకం సమస్య. కళ్లు కనిపిస్తాయి, కానీ పేజీలో ఏదైనా ఆగకుండా కదులుతుంటే తల తిరుగుతుంది. వెస్టిబ్యులర్ సమస్య (శరీర సమతుల్యత ఇబ్బంది) ఉన్నవాళ్లకి ఇది మామూలే. జూమ్ అవుతూ, జరుగుతూ ఉండే స్క్రీన్ రికార్డింగ్‌లు మరీ కష్టం. ఈ మధ్య రికార్డింగ్ టూల్స్ క్లిక్ చేసిన చోటికల్లా వాటంతటవే జూమ్ చేస్తున్నాయి. దయచేసి ఆ ఆప్షన్ ఆపేయండి.

నియమం కూడా ఉంది: డబ్ల్యూసీఏజీ 2.2.2. తనంతట తానే మొదలై, ఐదు సెకన్లు దాటి, మిగతా కంటెంట్ పక్కనే ఆడే ఏ కదలికకైనా ఆపే వీలు ఉండాలి. ఆగకుండా తిరిగే జిఫ్‌కి ఆ వీలు లేదు. ఐదు సెకన్ల లోపుదైనా లూప్‌లో పెడితే ఐదు దాటినట్టే.

మీ సొంత సైట్ అయితే పిక్చర్ ట్యాగ్‌లో "ప్రిఫర్స్ రెడ్యూస్డ్ మోషన్" షరతు పెట్టి, కదలిక తగ్గించమనే ఆ సెట్టింగ్ ఆన్ చేసుకున్నవాళ్లకి కదలని బొమ్మ ఇవ్వొచ్చు. జావాస్క్రిప్ట్ అక్కర్లేదు. కోడ్ ఉంచుకునే గిట్‌హబ్ సైట్‌లో అయితే కదిలే బొమ్మలు వాటంతటవే ఆడకుండా ఆపుకునే సెట్టింగ్ యూజర్ అకౌంట్‌లోనే ఉంది. నేను అది ఆపేసుకునే ఉంటాను. అంటే, రెండోట్యాబ్ గారూ, మీకు నచ్చిన ఆ ఆరు సెకన్లలో నాకు కనిపించేది మొదటి ఫ్రేమే. అది ఖాళీ టెర్మినల్ అయితే నాకేం అర్థమవుతుంది?

---

రెండోట్యాబ్

ఇది నాకు తట్టలేదండి. నొక్కితేనే ఆడేలా పెడితే నాకూ అభ్యంతరం లేదు.

---

పిక్సెల్_పిచ్చి

ఫార్మాట్ గురించి ఎవరూ ఎత్తలేదేంటి? ఎత్తుతాను, కాస్త ఓపిక పట్టండి.

జిఫ్ 1987లో కంప్యూసర్వ్ తెచ్చిన ఫార్మాట్. ఫ్రేమ్‌కి 256 రంగులే. ఫ్రేమ్‌ల మధ్య విరామం చెప్పే వీలు 1989 నాటి 89ఎ వెర్షన్‌లో వచ్చింది. ఆగకుండా తిప్పే లూప్ అసలు స్పెసిఫికేషన్‌లోదే కాదు, నెట్‌స్కేప్ చేర్చిన ఎక్స్‌టెన్షన్. అంటే వీడియో కోసం పుట్టింది కాదు, దాంతో వీడియో చేయిస్తున్నాం. (జిఫ్ వాడే కుదింపు పద్ధతి ఎల్‌జెడ్‌డబ్ల్యూ మీది పేటెంట్ గొడవల వల్లే పీఎన్‌జీ పుట్టింది. అమెరికాలో ఆ పేటెంట్ గడువు 2003లో తీరింది. ఓపెన్ సోర్స్ వాళ్లు ఒకప్పుడు జిఫ్ అంటేనే మండిపడేవాళ్లు, ఇప్పుడు మనమే రీడ్‌మీ నిండా పెడుతున్నాం.)

60 ఎంబీ ఎందుకయ్యాయో చూడకుండానే కొంత ఊహించగలను. హై-డీపీఐ స్క్రీన్ మీద రికార్డ్ చేసి ఉంటారు. అక్కడ కనిపించే సైజుకి నాలుగింతల పిక్సెళ్లు ఉంటాయి. వెనక గ్రేడియంట్ వాల్‌పేపర్, విండో చుట్టూ నీడ, 30 ఎఫ్‌పీఎస్ (సెకనుకి 30 ఫ్రేమ్‌లు). వీటిలో ఒక్కోటీ సైజు పెంచేదే. జిఫ్ వరసగా ఒకే రంగు ఉంటే బాగా కుదిస్తుంది, గ్రేడియంట్‌ని చుక్కలుగా మార్చి చూపిస్తే కుదించలేదు. ఫ్రేమ్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య మారిన భాగం మాత్రమే దాచుకోగలదు కాబట్టి ఒక మూల గడియారం, ఇంకో మూల మెరిసే కర్సర్ ఉంటే ఆ రెంటినీ కలిపే పెద్ద దీర్ఘచతురస్రమంతా మళ్లీ రాయాల్సి రావచ్చు.

కాబట్టి: ఒకే రంగు బ్యాక్‌గ్రౌండ్, విండో వరకే రికార్డింగ్, వెడల్పు 800 పిక్సెళ్లు, 10 నుంచి 12 ఎఫ్‌పీఎస్, కర్సర్ మెరుపు ఆపేయడం. తర్వాత వీడియోలు మార్చే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ టూల్‌లో ప్యాలెట్‌జెన్, ప్యాలెట్‌యూజ్ ఫిల్టర్లు వాడండి. అవి లేకుండా మారిస్తే రంగులు మచ్చలు మచ్చలుగా వస్తాయి. చివర్లో సైజు తగ్గించడానికి జిఫ్‌సికిల్. జిఫ్ తయారుచేసే జిఫ్‌స్కీ నాణ్యత చాలా బాగుంటుంది, కానీ అది సైజు కంటే నాణ్యతకే మొగ్గుతుంది, చూసుకోండి.

నన్నడిగితే అసలు జిఫే వద్దు. సొంత సైట్‌లో వీడియో ట్యాగ్ పెట్టి ఎంపీ4 గానీ వెబ్‌ఎం గానీ ఇవ్వండి. స్క్రీన్ రికార్డింగ్ లాంటి వాటిలో సైజు మామూలుగా చాలా తగ్గుతుంది. కంట్రోల్స్ పెడితే ఆపే బటన్, వెనక్కి జరిపే పట్టీ ఉచితంగా వస్తాయి, నిదానం గారి సమస్య తీరుతుంది. పోస్టర్ బొమ్మగా చివరి ఫ్రేమ్ ఇవ్వండి. ప్రీలోడ్‌ని "నన్" అని పెడితే ఎవరైనా నొక్కేదాకా వీడియో డౌన్‌లోడ్ కూడా కాదు.

---

నీలిపేజీ

> అసలు జిఫే వద్దు

రీడ్‌మీలో?

---

పిక్సెల్_పిచ్చి

అదే చిక్కు. గిట్‌హబ్‌లో 2021 నుంచి వీడియో కూడా అప్‌లోడ్ చేయొచ్చు. ఉచిత ప్లాన్‌లో వీడియోకి పరిమితి 10 ఎంబీ, బొమ్మలకీ జిఫ్‌లకీ కూడా 10 ఎంబీయే. కానీ అలా అప్‌లోడ్ చేసింది గిట్‌హబ్ సర్వర్‌లో ఉంటుంది, మీ రిపాజిటరీలో (కోడ్, దాని చరిత్ర ఉండే చోటు) కాదు. క్లోన్ బరువెక్కదు, అంతవరకు బాగానే ఉంది. రేపు ఇంకో హోస్టింగ్‌కి మారితే మాత్రం అది మీ వెంట రాదు. అన్నిచోట్లా కనిపించాలంటే బొమ్మ ఫార్మాటే దిక్కు.

ఏపీఎన్‌జీ (కదిలే పీఎన్‌జీ) మంచి మధ్యేమార్గం. పూర్తి రంగులు ఉంటాయి. క్రోమ్‌లో 2017 నుంచి ఆడుతోంది, ఫైర్‌ఫాక్స్‌లో అంతకు చాలా ముందు నుంచే. 2025లో వచ్చిన పీఎన్‌జీ మూడో ఎడిషన్‌లో అధికారికంగా చేరింది కూడా. తెలియని వ్యూయర్‌లో మొదటి ఫ్రేమ్ మామూలు పీఎన్‌జీలా కనిపిస్తుంది. సైజులో మాత్రం ఎప్పుడూ గెలుస్తుందని చెప్పలేను.

---

కమాండ్‌లైన్_కిట్టు

టెర్మినల్ భాగానికి పిక్సెళ్లే అక్కర్లేదు కదా!

ఆస్కినీమా చూడండి. అది స్క్రీన్‌ని రికార్డ్ చేయదు, టెర్మినల్‌లోకి వచ్చిన అక్షరాలనీ, అవి వచ్చిన సమయాన్నీ రాసుకుంటుంది. ఫైలు తెరిస్తే మొదటి లైన్‌లో వెడల్పు, ఎత్తు వగైరా, తర్వాత లైన్‌కొక సంఘటన. అన్నీ టెక్స్టే. గిట్‌లో డిఫ్ (ఏ లైన్లు మారాయో) కనిపిస్తుంది, కొన్ని కేబీల్లో అయిపోతుంది. ప్లేయర్‌లో ఆపి కమాండ్‌ని కాపీ చేసుకోవచ్చు. రికార్డ్ చేసేటప్పుడు మీరు ఆలోచిస్తూ కూర్చున్న సమయాన్ని ఐడిల్ లిమిట్ పెట్టి రెండు సెకన్లకి కుదించొచ్చు. ప్లేయర్‌కి జావాస్క్రిప్ట్ కావాలి కాబట్టి సైట్‌లో సరిపోతుంది, రీడ్‌మీలో ఆడదు. రీడ్‌మీ కోసం అదే ఫైల్‌ని ఏజీజీ అనే టూల్‌తో జిఫ్‌గా మార్చుకోవచ్చు.

కానీ నాకు ఇంకా ఇష్టమైనది వీహెచ్ఎస్. చార్మ్ వాళ్లది. అందులో రికార్డింగే ఉండదు. ఒక టేప్ ఫైల్లో ఏం టైప్ చేయాలో, ఎప్పుడు ఎంటర్ కొట్టాలో, ఎన్ని సెకన్లు ఆగాలో లైన్లుగా రాస్తారు. ఫాంట్ సైజు, వెడల్పు, థీమ్ కూడా అందులోనే. నడిపితే జిఫ్, ఎంపీ4, వెబ్‌ఎం ఏది కావాలంటే అది తయారు. టెస్ట్ ఫోల్డర్ సృష్టించడం లాంటి ముందస్తు పనులను "హైడ్" కింద పెడితే తెర మీద కనిపించవు.

నాకు దీని అసలు విలువ రివ్యూలో తెలిసింది. జిఫ్ పుల్ రిక్వెస్ట్ వస్తే మీరు చేయగలిగింది చూసి "బాగుంది" అనడమే. అందులో ఒక ఆప్షన్ స్పెల్లింగ్ తప్పుంటే మొత్తం మళ్లీ తీయాలి. టేప్ ఫైల్ అయితే ఆ లైన్ మీదే కామెంట్ పెడతారు, ఒక అక్షరం మారుస్తారు, మళ్లీ నడుపుతారు. మీ ఆప్షన్ పేరు మారిన రోజున గ్రెప్ కొడితే (ఫైళ్లలో ఆ మాట వెతికితే) ఏ టేప్‌లలో పాత పేరుందో దొరుకుతుంది. జిఫ్‌లో గ్రెప్ ఎలా కొడతారు?

---

పాతకోడ్

ఇది ఒప్పుకుంటాను. టెక్స్ట్‌గా ఉన్నది బతుకుతుంది.

కానీ సీఐలో (మార్పు రాగానే బిల్డ్, టెస్టులు వాటంతటవే నడిపే ఏర్పాటు) ప్రతి కమిట్‌కీ జిఫ్ తయారు చేసి మళ్లీ రిపాజిటరీలోకే కమిట్ చేసే బాట్లు చూశాను. మీరే మొదట్లో చెప్పిన రోగం అది, ఆటోమేటిక్‌గా. పైగా టైమింగ్ కొద్దిగా అటూఇటూ అయినా ఫైలు మారుతుంది కాబట్టి బాట్‌కి రోజూ పని దొరుకుతుంది.

---

కమాండ్‌లైన్_కిట్టు

> ఆటోమేటిక్‌గా

నిజమే, అలా చేయకూడదు. టేప్ ఫైళ్లు మాత్రమే మెయిన్ బ్రాంచ్‌లో ఉండాలి. జిఫ్‌ని సైట్ బిల్డ్ అయ్యేటప్పుడు తయారుచేసి సైట్‌తోపాటు పంపేయాలి. రీడ్‌మీలోది ఆ సైట్ అడ్రస్‌కి లింక్ అవుతుంది. గిట్ ఎల్ఎఫ్ఎస్ (పెద్ద ఫైళ్లను విడిగా ఉంచే పద్ధతి) కూడా ఒక దారే, కానీ అది ఇన్‌స్టాల్ చేయనివాళ్లకి బొమ్మ బదులు రెండు మూడు లైన్ల పాయింటర్ ఫైలు వస్తుంది. కొత్త కంట్రిబ్యూటర్లు అక్కడే ఆగిపోతారు. చిన్న ప్రాజెక్టుకి నేను సిఫార్సు చేయను.

వీహెచ్ఎస్‌లో టెక్స్ట్ అవుట్‌పుట్ కూడా ఉంది. సీఐలో జిఫ్‌లను కాదు, ఆ టెక్స్ట్‌ని పోల్చండి. టూల్ అవుట్‌పుట్ మారితే డెమో పాతబడిందని బిల్డే చెబుతుంది. డాక్యుమెంటేషన్ పాతబడటాన్ని మనిషి కంటే ముందు మెషిన్ పట్టుకోవడం నాకు తెలిసి ఇలాంటి చోటే కుదురుతుంది.

ఒక జాగ్రత్త: "రెండు సెకన్లు ఆగు" అని రాస్తే మీ ల్యాప్‌టాప్‌లో సరిపోతుంది, సీఐ మెషిన్‌లో సరిపోదు. కొత్త వెర్షన్లలో "వెయిట్" ఉంది, ఫలానా అక్షరాలు తెర మీద కనిపించేదాకా ఆగుతుంది. అది వాడండి.

---

నీలిపేజీ

కిట్టూ, టెర్మినల్ సంగతి అర్థమైంది. విండోలో రూల్స్ లాగే సీన్ సంగతేంటి? దానికి టేప్ ఫైల్ ఉండదు కదా.

---

సుజాత_డాక్స్

వెబ్ యాప్ అయితే బ్రౌజర్‌ని స్క్రిప్ట్‌తో నడిపే ప్లేరైట్‌తో చేయొచ్చు, టెస్ట్ నడుస్తుండగా వెబ్‌ఎం రికార్డ్ చేసి ఇస్తుంది. సైజు విడిగా చెప్పకపోతే 800 పిక్సెళ్ల లోపుకి కుదిస్తుంది, అక్షరాలు మసకబారతాయి, చూసుకోండి. మామూలుగా ఆ వీడియోలో మౌస్ బాణం కనబడదు. లాగడం చూపించేటప్పుడు బాణం లేకపోతే వస్తువులు వాటంతటవే నడుస్తున్నట్టు ఉంటుంది, మీరే పేజీలో ఒక చుక్క గీయించుకోవాలి.

మీది డెస్క్‌టాప్ విండో కాబట్టి లినక్స్‌లో ఎక్స్‌విఎఫ్‌బీ (మానిటర్ లేని ఉత్తుత్తి తెర) మీద యాప్‌ని తెరిచి, ఎక్స్‌డూటూల్‌తో మౌస్ కదిపి, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌తో పట్టుకోవచ్చు. కుదురుతుంది, కానీ పిక్సెల్ లెక్కలతో మౌస్ కదిపే స్క్రిప్ట్ బటన్ కాస్త జరిగితే విరిగిపోతుంది. రెండు సీన్ల కోసం అంత అవసరమా? చేత్తోనే తీయండి. ఏ వెర్షన్, ఏ విండో సైజు, ఏ థీమ్, ఏ శాంపిల్ ఫోల్డర్‌తో తీశారో పక్కన ఒక టెక్స్ట్ ఫైల్లో రాసి పెట్టండి. తర్వాత వచ్చేవాళ్లు మళ్లీ తీయగలిగితే చాలు.

---

తర్జుమా_పక్షి

అనువాదాలు చేసే నాలాంటివాళ్ల తరఫున ఒక విన్నపం. మీ గైడ్ ఎన్ని భాషల్లో ఉంది?

జిఫ్ లోపల అక్షరాలు ఉంటే అనువాదకులు ఏం చేయలేరు. పేజీ మొత్తం తెలుగులో ఉండి మధ్యలో ఇంగ్లీష్ మెనూలు ఆడుతుంటే చదివేవాళ్లు "ఈ బటన్ నా దగ్గర లేదే" అని వెతుక్కుంటారు. ఇంకా ఘోరం, వీడియోలో బాణాలు గీసి "ఇక్కడ నొక్కండి" అని రాయడం. ఆ రాత పేజీలో ఉండాలి, పిక్సెళ్లలో కాదు. శాంపిల్ ఫైళ్ల పేర్లు కూడా అంకెలతో పెట్టుకుంటే ఏ భాషవాళ్లకైనా సరిపోతాయి.

టేప్ పద్ధతిలో భాషకొక వెర్షన్ తీయడం తేలికే అనిపిస్తుంది, భాష సెట్టింగ్ మార్చి మళ్లీ నడిపితే సరి కదా అని. అక్షరాలకి గళ్లు గీసుకున్న టెర్మినల్‌లో తెలుగు ఎలా కనిపిస్తుందో మీకు తెలుసు. ఒత్తులు, గుణింతాలు విడివిడి గళ్లలో పడి చెదిరిపోతాయి. అది నేరుగా జిఫ్‌లోకి ఎక్కుతుంది. తెలుగు గైడ్‌లో టెర్మినల్ డెమోని ఇంగ్లీష్‌లోనే ఉంచి కింద వాక్యాల్లో వివరించడమే నయం. విండో సీన్ మాత్రం తెలుగులో తీయండి, అక్కడ అక్షరాలు సరిగ్గానే వస్తాయి.

పీడీఎఫ్ కూడా ఇస్తారా? అందులో ఏ జిఫూ ఆడదు, మొదటి ఫ్రేమే అచ్చవుతుంది. డాక్యుమెంటేషన్ తయారుచేసే స్ఫింక్స్ టూల్ వాడితే "ఓన్లీ" డైరెక్టివ్‌తో హెచ్‌టీఎంఎల్‌కి యానిమేషన్, పీడీఎఫ్‌కి మామూలు బొమ్మ వేరుగా ఇవ్వొచ్చు.

---

గాలిపటం

కొంచెం పక్కదారి. ఆ 11 జిఫ్‌లని ఫ్రేమ్ ఫ్రేమ్‌గా చూశారా? నేను చూసిన ఒక ప్రాజెక్టులో డెమో జిఫ్ మధ్యలో షెల్ పాత కమాండ్‌ని బూడిద రంగులో సూచిస్తూ కనిపించింది. అందులో ఎవరిదో యాక్సెస్ టోకెన్ (పాస్‌వర్డ్ లాంటిది) ఉంది. కనిపించింది అర సెకనే, కానీ జిఫ్‌ని ఫ్రేమ్‌లుగా విడగొట్టడం ఎవరికైనా చిటికెలో పని. ఆ టోకెన్ రద్దు చేసేదాకా అందరికీ టెన్షనే.

యూజర్ నేమ్, ఫోల్డర్ పేర్లు, పైనుంచి జారే చాట్ నోటిఫికేషన్లు, బ్రౌజర్ బుక్‌మార్కులు, ఇవన్నీ రికార్డ్ అవుతాయి. కొత్త యూజర్ అకౌంట్‌లో గానీ కంటైనర్‌లో గానీ తీస్తే ఈ తలనొప్పి ఉండదు.

---

నీలిపేజీ

అందరికీ థాంక్స్. గాలిపటం గారి మాట విని వెంటనే చూశాం. టోకెన్లు లేవు గానీ రెండు జిఫ్‌లలో కంట్రిబ్యూటర్ అసలు పేరు ఫోల్డర్ పాత్‌లో కనిపిస్తోంది. వాళ్లకి చెప్పాం, ఆ పుల్ రిక్వెస్ట్‌ని వాళ్లే మూసేసి, ఫైళ్లున్న బ్రాంచ్ తీసేశారు.

ఈ చర్చ లింక్ కూడా వాళ్లకి ఇచ్చాం. నొచ్చుకుంటారేమో అనుకున్నాం, తీరా చూస్తే టేప్ ఫైళ్ల ఆలోచన వాళ్లకే ఎక్కువ నచ్చింది. ఉత్తుత్తి రన్, అసలు రన్, అన్‌డూ కలిపి ఒక టేప్ రాసి ఈపాటికే పంపారు. విండో సీన్లు రెండూ సైట్‌లో వీడియోగా పెడతాం, నొక్కితేనే ఆడేలా. ఇన్‌స్టాల్, అప్‌డేట్ పేజీలకి వాళ్లు జిఫ్‌ల కోసం రాసుకున్న మెట్లే చక్కగా ఉన్నాయి, వాటినే టెక్స్ట్‌గా తీసుకున్నాం.

రీడ్‌మీ పైన ఒక చిన్న జిఫ్ ఉండాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. నేను రెండోట్యాబ్ గారి పక్షం. మా ఇంకో మెయింటెయినర్ నిదానం గారి పక్షం.

ఆ కంట్రిబ్యూటర్ అడగమన్న ప్రశ్న ఒకటి ఉంది: లూప్ చివర్లో ఎంతసేపు ఆపాలి? ఇప్పుడు ఫలితం కనిపించీ కనిపించకముందే మొదటికి వెళ్లిపోతోంది.

---

పిక్సెల్_పిచ్చి

చివరి ఫ్రేమ్ మీద కనీసం మూడు సెకన్లు. చదవాల్సిన లైన్లు ఎక్కువుంటే నాలుగైదు. టేప్ చివర్లో ఒక "స్లీప్" పెడితే సరిపోతుంది. టైపింగ్ వేగం కూడా కాస్త పెంచమనండి, జనం చూడాలనుకునేది ఫలితాన్ని, అక్షరాలు పడటాన్ని కాదు.

---

నిదానం

రీడ్‌మీ జిఫ్ పెట్టేటట్లయితే ఇంకో మార్గం ఉంది. పేర్లు మారిన తర్వాతి ఫలితాన్నే మొదటి ఫ్రేమ్‌గా ఒక సెకను చూపించి, అక్కణ్నుంచి డెమో మొదలుపెట్టండి. లూప్ సంఖ్య కూడా అనంతం కాకుండా ఒక్కసారికి పెట్టొచ్చు, జిఫ్‌లో ఆ వీలుంది. ఒకసారి ఆడి చివరి ఫ్రేమ్ దగ్గర ఆగిపోతుంది. మొత్తం ఐదు సెకన్ల లోపు అయితే మీ ఇంకో మెయింటెయినర్‌ని నేనే ఒప్పిస్తాను.

---

రెండోట్యాబ్

నేను ఆరు అడిగాను, ఐదుకి ఖాయం చేసుకోండి.